గోస్తనీ తీరమున రాజనీతి: బొబ్బిలి మొదలు పద్మనాభము వరకు



మా భీమునిపట్నమున గోస్తనీ నది సముద్రమున లీనమగుచున్నది. అమావాస్యనాడు ఆ సంగమమునకు తర్పణముల కొరకు వచ్చు గృహస్థులలో ఒక యువకుడు కలడు. తండ్రి గతించిన నాటినుండి ఒక్క అమావాస్యయు తప్పినవాడు కాడు. ఆ మధ్య ఒకనాడు తర్పణము ముగిసిన పిమ్మట పవిత్రము విప్పి, వెంటనే లేవక కూర్చుండి, నన్నిట్లు అడిగెను.

"అయ్యగారూ, ఈసారి ఎన్నికల్లో నిలబడదామని ఉంది. ధర్మంగా ఉంటే డిపాజిట్టు కూడా దక్కదంటున్నారు మావాళ్ళు. అవతలివాడికి బలం ఎక్కువ. నాకు అండగా ఒక పెద్దమనిషి వస్తానంటున్నాడు. ఆయన ఎలాంటివాడో ఊరందరికీ తెలుసు. ముందు ఆయన చెయ్యి పట్టుకుని వీణ్ణి పడగొడితే, తర్వాత ఊరికి మంచి చెయ్యొచ్చు కదండీ. శాస్త్రం ఒప్పుకుంటుందా?"

ధర్మమును రక్షించువానిని ధర్మమే రక్షించునను మాట నా నాలుక చివరకు వచ్చెను. అది సత్యవాక్యమే. కాని అర్చకుల నోట అట్టి వాక్యములు ఒక్కొక్కప్పుడు అడిగినవానిని మర్యాదగా సాగనంపుటకే ఉపయోగపడుచుండును. ఆ సంగతి ముప్పది యేండ్లుగా ఆ పని చేయుచున్న నాకు తెలియును. అందుచేత సిగ్గుపడి, "వచ్చే అమావాస్యకు చెప్తాను నాయనా" అని పంపివేసితిని. ఆ నెల దినములు నేను చేసిన ఆలోచనయే ఈ వ్యాసము.

ఆ యువకుని ప్రశ్న క్రొత్తది కాదు. ఇదే గోస్తనిని ఎదురుగా పదిహేను కిలోమీటర్ల లోపు పోయినచో పద్మనాభము వచ్చును. కొండమీద అనంతపద్మనాభస్వామి, దిగువన కుంతీమాధవస్వామి. కార్తిక అమావాస్యనాడు వేయికి పైబడిన ఆ సోపానములమీద దీపములు వెలిగింతురు. ఆ దీపములు చూచుటకు పోవు భక్తులలో ఎందరికి తెలియునో కాని, ఆ కొండ దిగువ నేలమీదనే 1794 జులై 10వ తేదీ ఉదయమున విజయనగర ప్రభువు చిన విజయరామ గజపతిరాజు తన పరివారముతో ఆంగ్లేయుల తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణములు విడిచెను. ఆ ఉదయమునకు కారణము ఆ యేటిది కాదు. దానికి ముప్పది యేడేండ్ల పూర్వమే ఈ యువకుని ప్రశ్నను మరియొక రాజు తనకు తాను వేసికొని, అనుకూలమైన జవాబు చెప్పుకొనెను.

చరిత్రలోనికి పోవుటకు ముందు ఒక అపోహ తొలగించుకొనవలెను. ధర్మము వేరు, రాజనీతి వేరు అనియు, చాణక్యుడు నేర్పినది వంచనయే అనియు నేడు చదువుకొన్నవారును అనుచున్నారు. కౌటిలీయ అర్థశాస్త్రపు తాళపత్ర ప్రతి మైసూరునందు ఆర్. శామశాస్త్రిగారి కంటబడినది 1905లో, గ్రంథము అచ్చయినది 1909లో. ఆ గ్రంథమున గూఢచారులు, విషప్రయోగములు, భేదోపాయములు అన్నియు కలవు, నేను కాదనను. కాని అవి వచ్చుటకు చాల ముందు, మొదటి అధికరణమునందే, ఇంద్రియజయము చెప్పబడినది. కామము, క్రోధము, లోభము, మానము, మదము, హర్షము అను ఆరింటిని విడిచినగాని రాజు నిలువడని శాసించి, విడువని వారి పేర్లు చెప్పినాడు. రావణుడు, దుర్యోధనుడు ఇద్దరును మానము అను శీర్షిక క్రిందనే వచ్చిరి. ఒకడు పరదారను తిరిగి ఈయలేదు, ఒకడు రాజ్యభాగమును ఈయలేదు. వీరు నరకమునకు పోయిరని కౌటిల్యుడు చెప్పలేదు సుమా. బంధువులతో, రాష్ట్రముతో సహా నశించిరని చెప్పెను. ఆయన లెక్క అంతయు ఇహలోకపు లెక్కయే. ఆ లెక్కలోనే ఇంద్రియజయము మొదటి పద్దుగా నిలిచినది.

ఇక కథ. 1753లో నిజాము సలాబతుజంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చెను. వారి సేనాని బుస్సీ. విజయనగరమును పెద విజయరామరాజు ఏలుచుండెను. ఇరుగున బొబ్బిలి ప్రభువు రంగారావు. ఇరువురి నడుమ సరిహద్దు తగవులు, ఏటినీళ్ళ తగవులు, వానికి మించి ఒకరికొకరు తల వంచని అభిమానము. పరగణాల శిస్తులు వసూలు చేసికొనుటకు బుస్సీకి స్థానిక ప్రభువు ఒకడు కావలెను, తన పగ తీర్చుకొనుటకు విజయరామరాజునకు ఫిరంగులు కావలెను. ఒకరికొకరు దొరికిరి.

బొబ్బిలిని విడిచి వేరొకచోట అంతకంటె విలువైన భూములు పుచ్చుకొమ్మని బుస్సీ రంగారావునకు కబురు పంపెనని చరిత్రకారులు వ్రాసిరి. పరదేశికి అది న్యాయమైన మారకముగా తోచియుండవచ్చును, ఎకరాకు ఎకరా, వరహాకు వరహా. పితృపితామహుల నేలకు వెల కట్టుట ఎట్లో బొబ్బిలివారికి తెలియలేదు. 1757 జనవరి 24న మట్టికోటమీద ఫిరంగులు మ్రోగెను. ఒక్క పగటిలో ముగిసినది. కోట నిలువదని తెలిసినపుడు లోనివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపుకొని, పిమ్మట తాము పోరాడి చనిపోయిరి. ఒక వృద్ధుడు రంగారావు పసిబిడ్డను మాత్రము బ్రతికించి తెచ్చి ఫ్రెంచి సేనాధికారి చేతికి ఇచ్చెను. మూడవనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు గుడారములో చొరబడి విజయరామరాజును పొడిచి చంపెను. తరువాత జరిగినది జంగములు తంబురా మీద పాడుచుండగా మన తాతముత్తాతలు వినియే యున్నారు. నేనును చిన్నతనమున ఒక సంక్రాంతినాడు ఆ కథ విని రాత్రంతయు నిద్రపోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మా ప్రాంతపు దేవాలయములలో చాలవరకు పూసపాటివారి మాన్యములమీద నిలిచినవే. సింహాచల దేవస్థానమునకు వారు వంశపారంపర్య ధర్మకర్తలు. మా పూర్వుల ఇండ్లలో పొయ్యి వెలిగినది ఆ వంశపు దానముల చేతనే. అట్టి నేను పెద విజయరామరాజును తప్పుపట్టుట సులభము కాదు. బొబ్బిలివారి యందు దోషములు లేవనియు చెప్పుట లేదు. ఐనను శాస్త్రము చదివినవాడు ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను గదా.

రాజు పరబలమును తెచ్చుకొనుట దోషము కాదు. సంశ్రయము, అనగా బలవంతుని ఆశ్రయించుట, షాడ్గుణ్యములో చెప్పబడిన ఉపాయమే. అది ఆత్మరక్షణ కొరకు. కాని 1757లో విజయనగరమునకు ప్రాణాపాయము లేదు. ఉన్నది రోషము. రోషము తన మొగము దాచుకొని మంత్రిసభలో కూర్చుండినపుడు దానికి రాజనీతి అని పేరు వచ్చును. శత్రువును ఇపుడే అణచకున్నచో రేపు ప్రమాదమనియు, ఫిరంగులు దొరకినపుడే పని కావలెననియు, తరువాత ధర్మముగా ఏలవచ్చుననియు అది చక్కగా వాదించును. ఆ వాదమున ఒక్క మాటయు అసత్యముగా కనబడదు. అందుచేతనే కౌటిల్యుడు గూఢచారుల ప్రకరణమునకు ముందే ఇంద్రియజయమును ఉంచెనని నా ఊహ. తన కోపమును తాను గుర్తుపట్టలేనివానికి గూఢచారి తెచ్చిన వార్తయు కోపపు రంగులోనే కనబడును.

పెద విజయరామరాజు గతించిన పిమ్మట ఆనందగజపతి గద్దె నెక్కెను. ఫ్రెంచివారితో ఆయనకు పొసగలేదు. 1758లో విశాఖపట్నమును ఫ్రెంచివారి చేతినుండి తీసికొని, ఆంగ్లేయులకు కబురు పంపెను. చెన్నపట్టణము వారు అపుడు తమ కోటను తాము కాపాడుకొను తొందరలో ఉండిరి. కలకత్తానుండి క్లైవు స్పందించి కర్నల్ ఫోర్డును ఓడలమీద పంపెను. ఆ డిసెంబరులో పిఠాపురము దాపున చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడిరి. మరుసటి సంవత్సరము ఏప్రిలులో మచిలీపట్నము కోటయు పడినది. ఈ ఇరుపక్షములకు నడుమ కుదిరిన ఒడంబడిక మా సముద్రతీరవాసులు చదువదగినది. జయించిన లోపలి దేశమంతయు రాజునకు, సముద్రపు రేవులు, నదీముఖముల పట్టణములు మాత్రము కంపెనీకి. రాజునకు ఇది ఎంతో లాభసాటిగా తోచియుండును. ఉప్పుగాలి తప్ప మరేమి పండును రేవులలో! వారికేమో రేవే ప్రాణము. ఏ ద్వారము తమదైనచో ఇల్లు తమదగునో వారికి తెలియును. ఆ కాలమున మా భీమిలి రేవు డచ్చివారి వర్తకస్థానము. వారి సమాధులు నేటికిని ఊరిలో ఉన్నవి. 1825లో అదియు ఆంగ్లేయుల వశమైనది.

ఈ సందర్భమున శాంతిపర్వములోని ఒక కథ చెప్పవలెను. అది తిక్కన సోమయాజి నాటినుండి తెలుగున ఉన్నది కనుక మన ప్రభువులు వినలేదని అనుటకు లేదు. బలవంతులైన శత్రువుల నడుమ చిక్కిన దుర్బలుడు ఏమి చేయవలెనని ధర్మరాజు అడుగగా భీష్ముడు చెప్పిన కథ ఇది.

ఒక మఱ్ఱిచెట్టు మొదట పలితుడను ఎలుక, కొమ్మలలో లోమశుడను పిల్లి నివసించుచుండెను. ఒక రాత్రి పిల్లి వేటగాని వలలో చిక్కెను. ఎలుక ఆనందముగా ఆ వలమీదనే తిరుగుచు ఆహారము తినుచుండగా, నేలమీద ముంగిస, కొమ్మమీద గుడ్లగూబ తనకొరకు పొంచియుండుట చూచెను. అపుడు ఎలుక యోచించి, తన సహజశత్రువైన పిల్లితోనే సంధి చేసికొనెను. "నీ వల త్రాళ్ళు కొరికెదను, నన్ను నీ ఒడిలో దాచుము" అని. పిల్లి ఒప్పుకొనెను. ఎలుక దాని ఒడిలో చేరుట చూచి ముంగిసయు గుడ్లగూబయు ఆశ వదలుకొని పోయెను. ఎలుక త్రాళ్ళు కొరుకుట ప్రారంభించెను, కాని నెమ్మదిగా. పిల్లి తొందరపెట్టెను. ఎలుక తొందరపడలేదు. తెల్లవారి వేటగాడు కుక్కలతో కనబడిన తరువాతనే చివరి త్రాడు కొరికెను. ఆ క్షణమున పిల్లికి ఎలుకను పట్టుకొను తీరిక లేదు. పిల్లి చెట్టెక్కెను, ఎలుక కలుగులో దూరెను. అపాయము గడచిన పిమ్మట పిల్లి చెట్టు మీదనుండి మిత్రమా రమ్మని ఎంతో ప్రేమగా పిలిచెను. ఎలుక రాలేదు. మన స్నేహమునకు కారణము ఉండెను, ఆ కారణము తీరినది, నీవు బలవంతుడవు, నేను నీ ఆహారమును అని వినయముగానే చెప్పి, దూరమున ఉండియే మర్యాద పాటించెను.

ఇంతకంటె కఠినమైన వాస్తవదృష్టి ఏ దేశపు గ్రంథమున ఉన్నది? ఇటలీ దేశపు మాకియవెల్లి 1513లో వ్రాసిన రాజనీతి గ్రంథమున, తనకంటె బలవంతునితో కలిసి మరియొకనిమీదికి పోరాదనియు, పోయి గెలిచినను ఆ బలవంతునికి బందీయగుదుననియు హెచ్చరించెను. భీష్ముడు ఆ మాటయే ఎలుక చేత చెప్పించెను. కాని ఒక్క భేదమును మనము గమనింపవలెను. పలితుడు మాట తప్పలేదు. కొరికెదనన్న త్రాడు కొరికెను. ఆలస్యము చేసెను గాని ద్రోహము చేయలేదు. పిల్లి సాయముతో మరియొక ఎలుకను చంపించుకొనలేదు. సత్యము చెడకుండ, ప్రాణము పోకుండ, స్వాతంత్ర్యము జారకుండ ఒక్క రాత్రి గడపినది. దీనిని భీష్ముడు ఆపద్ధర్మమను ప్రకరణమున చెప్పెను. ధర్మమునకు సెలవు ఇచ్చుట ఆపద్ధర్మము కాదు, ఇరుకైన చోట ధర్మము నడచు నడక అది.

ఆనందగజపతి చేతిలో చివరి త్రాడు ఏది? నేనెంత వెదకినను నాకు ఒక్కటే కనబడినది. ఆంగ్లేయులకు ఫ్రెంచివారు ఉన్నంతవరకే రాజుతో పని. ఫ్రెంచివారు మచిలీపట్నమున ఓడిన దినముననే ఆ త్రాడు తెగినది, దానిని తెంచినది రాజు సొంత సైన్యమే. తరువాత పిల్లి చెట్టు దిగుటకు ఏడు సంవత్సరములు పట్టినది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాముతో సంధి, ఈ రెంటితో ఉత్తర సర్కారులు కంపెనీవి అయ్యెను. 1758లో సమానునిగా ఒడంబడిక వ్రాసికొన్న ప్రభువు వంశము, కంపెనీకి పేష్కషు కట్టవలసిన జమీందారీ అయ్యెను.

నడుమ కాలపు కథ విస్తరింపను. ఆనందగజపతి త్వరలోనే పోయెను. దత్తుడుగా వచ్చిన చిన విజయరామరాజు బాలుడు. పరిపాలన అంతయు అన్న సీతారామరాజు చేతిలో ఉండెను. ఆయన సమర్థుడు. కొండప్రాంతపు జమీందారులను ఒక్కొక్కరినే లొంగదీసెను. బొబ్బిలి కోటలో బ్రతికిన ఆ బిడ్డ చినరంగారావు పెద్దవాడై తిరిగి తల ఎత్తగా, వానిని విజయనగరమున బంధించి ఉంచిరి. అన్నదమ్ముల నడుమ అసూయ పెరిగినది. తగవు తీర్పుమని ఇద్దరును చెన్నపట్టణపు మెట్లు ఎక్కిరి. 1778లో అక్కడ గవర్నరుగా ఉన్న రంబోల్డు అన్న పక్షము వహించెను. ఆ రంబోల్డుమీద తరువాత ఆంగ్లేయుల పార్లమెంటులోనే అవినీతి అభియోగములు నడచెను. ఇంటి తగవునకు ఆ గుమ్మమున న్యాయము వెదకిరి.

ఇక్కడ నాకు తోచిన ఒక విషయము చెప్పెదను. కౌటిల్యుడు జయించువారిని మూడు విధములుగా విభజించెను. లొంగుబాటుతో తృప్తిపడువాడు ధర్మవిజయి. భూమిని, ధనమును కోరువాడు లోభవిజయి. భూమిని, ధనమును, పుత్రులను, భార్యలను, ప్రాణములను కూడ కోరువాడు అసురవిజయి. లోభవిజయికి ధనమిచ్చి తప్పించుకొనవలెనని ఆయన ఉపదేశము. కంపెనీ లోభవిజయి అనుటలో సందేహము లేదు. కాని ఆచార్యుడు చూచిన లోభవిజయికి శరీరము ఉండెను. ఆకలి తీరును, ముసలితనము వచ్చును, కొడుకు మంచివాడు కావచ్చును, స్తోత్రమునకు కరుగవచ్చును. కంపెనీకి శరీరము లేదు. గవర్నర్లు మారుదురు, లెక్కల పుస్తకము మారదు. అందు బాకీ అని వ్రాసినది ఒక తరము పోయినను బాకీయే. ఇంద్రియములే లేనివానికి ఇంద్రియజయము ఎవరు బోధింతురు? లోకమున అట్టి ప్రభువు అదే మొదటిది కాకపోవచ్చును గాని, మన నేలకు మాత్రము క్రొత్త. నేటి కాలమున అట్టివి ఎన్ని ఉన్నవో పాఠకులు నాకంటె బాగుగా ఎరుగుదురు.

ఆ బాకీయే 1793లో గొంతుమీదికి వచ్చెను. పేష్కషు బకాయిలు ఇంతయని కంపెనీ అనెను, అంత లేదని రాజు అనెను. అప్పటికే సీతారామరాజును చెన్నపట్టణమునకు పిలిపించి పింఛనుమీద ఉంచిరి. ఆగస్టులో కంపెనీ సైన్యము విజయనగరపు కోటను స్వాధీనపరచుకొనెను. రాజు రాజ్యము విడిచి దక్షిణమునకు పోవలెననియు, నెలకు 1200 రూపాయల భరణము ఇత్తుమనియు ఆజ్ఞ. చిన విజయరామరాజు బయలుదేరినట్లే బయలుదేరి, విజయనగరమునకును భీమునిపట్నమునకును నడుమనున్న పద్మనాభమున ఆగిపోయెను. నాలుగు వేలమంది ఆయనను చుట్టుకొని నిలిచిరి. కర్నల్ ప్రెండర్గాస్టు సైన్యముతో వచ్చి లొంగుమని వర్తమానము పంపెను. లొంగలేదు. తెల్లవారుజామున మొదలైన పోరు ఒక గంటలో ముగిసినది. రాజు పడిన చోటనే ఆయన చుట్టు ప్రధాన కుటుంబముల రాజులు ఎందరో పడియుండిరి. పారిపోవుటకు దారి ఉండియు పోనివారు వారు.

ఆయన మరణమును అవివేకమని అనుటకు నాకు నోరు రాదు. దుర్బలుడైన రాజు ఏమి చేయవలెనని ఆచార్యులలో వాదము జరిగినది. నీటిప్రేరణకు రెల్లువలె వంగుమని భారద్వాజుడు, సర్వబలముతో పోరాడుము, అదియే క్షత్రియధర్మమని విశాలాక్షుడు. కౌటిల్యుడు ఇద్దరినీ కాదనెను. అన్నింటికి వంగువాడు మందనుండి తప్పిన పొట్టేలు వలె ఆశలేని బ్రతుకు బ్రతుకును, అల్పబలముతో పోరువాడు పడవలేక సముద్రమున దిగినవాడగును. కాబట్టి శత్రువుకంటె బలవంతుడైన మరియొక రాజునో, దుర్భేద్యమైన దుర్గమునో ఆశ్రయింపవలెనని ఆయన తీర్పు. పద్మనాభపు కొండ దిగువన నిలిచి చిన విజయరామరాజు దిక్కులు చూచినచో ఆ మూడవ మార్గము ఎక్కడ ఉన్నది? ఫ్రెంచివారు లేరు, వారిని వెళ్ళగొట్టినది తమ ఇల్లే. నిజాము ఈ దేశమును వ్రాసి ఇచ్చివేసెను. కొండ జమీందారులను అణచినది తమ అన్నయే. అన్న చెన్నపట్టణమున పింఛను తినుచుండెను. ఇక ఇరుగున, కష్టకాలమున నాలుగు వేలమందికి మరి నాలుగు వేలమందిని కలుపగల కోట ఒక్కటి ఉండెను. దానిని 1757 జనవరిలో కూల్చివేసిరి. విజయరామరాజునకు మిగిలినది విశాలాక్షుని మార్గము ఒక్కటే. ఆయన దానిని సంపూర్ణముగా నడచెను. ఆ మార్గము తప్ప మిగిలిన ద్వారములు మూసినవాడు మాత్రము ఆయన కాదు.

బొబ్బిలి ఉండియున్నచో ఆంగ్లేయులు రాకుండిరి అని నేను అనుట లేదు. అట్లు అనుట చరిత్రతో జూదమాడుట. పొరుగువాని బలము తనకు శత్రువగునపుడును తనకు గోడ అగునని, రోషము చల్లారినపుడే రాజునకు తెలియునని మాత్రము అనుచున్నాను. ఈ జ్ఞానము ఆంగ్లేయులకు ఉండెను. వారు పద్మనాభము తరువాత చేసిన మొదటి పనులలో ఒకటి, చెరనుండి తప్పించుకొని నిజాము రాజ్యమున తలదాచుకొన్న చినరంగారావును పిలిపించి బొబ్బిలిని తిరిగి ఇచ్చుట. ధర్మము కొరకు కాదు, విజయనగరపు ప్రక్కన మరియొకడు ఉండుట తమకు మంచిదని. విజయనగరము చేయరాని పనిని ఒకప్పుడు చేసినది, వారు చేయదగిన పనిని తమ స్వార్థమునకు చేసిరి. ఏది ఎక్కువ బాధాకరమో నేను నిర్ణయింపలేకున్నాను.

రాజుగారి కుమారుడు నారాయణబాబు అప్పటికి బాలుడు. ఆ పిల్లవానిని ఎక్కడ దాచిరో తెలియునా? తమ ఇల్లు ఒకప్పుడు లొంగదీసిన ఆ కొండ జమీందారుల ఆశ్రయములోనే. వారు అప్పగింపలేదు. ఓడినవారి బిడ్డను కాపాడి, పిమ్మట కంపెనీతో మాటలు నడచి, బాలునికి జమీందారీ దక్కువరకు నిలిచిరి. కొండలను, మరికొన్ని పరగణాలను విడదీయగా మిగిలిన దానికి 1802లో శాశ్వత పైసలా జరిగినది, ఏటికి 5 లక్షల పేష్కషుతో. ఈ కథ అంతటిలో శాస్త్రమునకు సరిగా సరిపోవు ధర్మమును నడపినవారు ఆ కొండప్రభువులని నాకు తోచుచున్నది. వారిమీద పాట కట్టినవారిని నేను వినలేదు.

తరువాతి అమావాస్యకు ఆ యువకుడు వచ్చెను. ఇంత కథయు నదియొడ్డున చెప్పుటకు వీలుపడునా? పలితుని కథ మాత్రము చెప్పితిని. అతడు చాలసేపు నీళ్ళవైపు చూచుచు కూర్చుండెను.

"అయితే అయ్యగారూ, నా చేతిలో చివరి తాడు ఏదంటారు?"

"నాకేం తెలుసు నాయనా. ఆ పెద్దమనిషి లేకపోతే నీ వెంట నిలబడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకున్నావా?"

వ్రేళ్ళు ముడుచుచు లెక్కపెట్టుకొనెను. ఒక చేయి అయినది, రెండవ చేయి అయినది, ఆగిపోయెను.

"ఇంతకీ ఆ అవతలివాడు ఎవరు?"

"మా మేనమామ కొడుకేనండి" అనెను. "చిన్నప్పుడు ఈ రేవులోనే ఇద్దరం ఈత నేర్చుకున్నాం."

నేనేమియు అనలేదు. నామినేషన్లకు ఇంకను గడువు ఉన్నదని చెప్పి, తడిపంచె పిండి భుజమున వేసికొని, బస్సునకు వేళయగుచున్నదని అతడు లేచి వెళ్ళెను.